రీవైరింగ్ డైరీ: అమ్మ చెప్పుల్లేకుండా ఫ్రిడ్జ్ తలుపు తీయాలి

జనవరి 19, 2025, ఆదివారం

మా అమ్మ ఫ్రిడ్జ్ తీయాలంటే ముందు కాళ్ళకి చెప్పులేసుకుంటుంది. వంటింట్లో చెప్పులేంటమ్మా అంటే "కొడతంది నాన్నా, అలవాటైపోయిందిలే" అంటుంది. ఆర్మీ సర్వీసులో ఉండగా సెలవుకొచ్చిన ప్రతిసారీ ఇది చూసేవాణ్ణి, కానీ ఉన్న ఆ కొద్ది రోజుల్లో పెళ్ళిళ్ళూ పొలం పనులూ బంధువుల ఇళ్ళూ తిరగడమే సరిపోయేది, ఎప్పుడూ స్క్రూ డ్రైవర్ పట్టుకుని కూర్చోలేదు. ఇప్పుడు ఆ సాకు లేదు. సంక్రాంతి అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, ఇవాళ మొదలుపెట్టాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది తాడేపల్లిగూడెం దగ్గర కాలవ కింద పల్లెటూరు. మా పక్కనే మాధవరం, మిలిటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు, ఆ గాలి మా ఊరికీ ఉంది, టెన్త్ అయ్యాక మైదానంలో పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. నేను 2005 డిసెంబర్‌లో గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్‌కి చేరాను, 17 ఏళ్ళు చేసి 2023 జనవరిలో నాయక్‌గా పెన్షన్ వచ్చాను. అప్పటికి నాకు 36. మా వైపు పెన్షన్ వచ్చినవాళ్ళలో చాలామంది బ్యాంకు దగ్గరో ఏటీఎం దగ్గరో సెక్యూరిటీకి వెళ్తారు, నన్నూ పిలిచారు. అది తక్కువ పని అని నేను అనను, కానీ 17 ఏళ్ళు కాపలా కాసిన మనిషికి ఇంకో పాతికేళ్ళు కూడా కాపలాయేనా అనిపించింది. చేతిపని ఒకటి రావాలని గట్టిగా అనుకున్నాను. ఐటిఐలో పై వయసు లిమిట్ లేదని తెలిసి ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరాను, రెండేళ్ళ కోర్సు, ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. క్లాసులో మిగతావాళ్ళంతా పదిహేడూ పద్దెనిమిదేళ్ళ పిల్లలు, నన్ను బాబాయ్ అంటారు.

ఇవాళ సర్వే ఒక్కటే చేశాను, ఏదీ మార్చలేదు. ముందు రెండు గదులూ 1988లో నాన్న కట్టించినవి, వాటికి చెక్క బద్దల మీద అల్యూమినియం వైరు. వెనక వంటిల్లు, బాత్రూమ్ 2009లో నేను పంపిన డబ్బుతో కట్టినవి, వాటికి గోడలోపల పైపులు, రాగి వైరు. ఈ రెండూ కలిసిన చోట రాగినీ అల్యూమినియంనీ మెలేసి టేపు చుట్టారు, టేపు తీస్తే లోపల తెల్లటి పొడి, వైరు పెళుసెక్కి వేలితో తాకగానే విరిగింది. లోడు పడ్డప్పుడల్లా వేడెక్కి కాలిన జాయింట్ అది. దాని కింద చెక్క బద్ద నల్లబడి ఉంది. పదహారేళ్ళు ఆ చెక్క కిందే మా వాళ్ళు పడుకున్నారు.

మెయిన్ బోర్డు మీద నాలుగు కిట్‌క్యాట్ ఫ్యూజులు, అవే చేత్తో లాగి తీసే పాత పింగాణీ ఫ్యూజులు. వాటి పైన నాన్న పెన్సిల్‌తో రాసిన అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి, "హాలు", "వంటిల్లు", "మోటారు", నాలుగోది చెరిగిపోయింది. మోటారు ఫ్యూజు లాగి చూస్తే లోపల ఫ్యూజు వైరు లేదు, రాగి తీగ రెండు పోగులు కలిపి బిగించి ఉంది. మాటిమాటికీ ఎగిరిపోతుంటే పొలానికి టైమైపోతోందని అలా కట్టుంటాడు నాన్న. ఆ రోజుల్లో అందరూ చేసిందే. ఆ చెక్క బోర్డు మాత్రం పారెయ్యను, తుడిచి దాచుకుంటాను.

జనవరి 26, ఆదివారం

పొద్దున ఐటిఐలో జెండా ఎగరేసి, పిల్లల చేత కాసేపు డ్రిల్ చేయించి పదింటికల్లా ఇంటికొచ్చాను. మా బ్యాచ్‌లో పిప్పర కుర్రాడు నాతో వచ్చాడు, చేతిపని మా అందరికంటే వాడిది శుభ్రం.

ఇవాళ పని ఫ్రిడ్జ్ కథ తేల్చడం. మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ప్రోబు ఫ్రిడ్జ్ బాడీ మీద స్క్రూకి, ఇంకోటి పెరట్లో తడిమట్టిలో దిగ్గొట్టిన ఇనప చువ్వకి పెడితే 84 వోల్ట్స్ చూపించింది. ఫ్రిడ్జ్ ప్లగ్గు పీకేశాం. బాడీ మీద ఏమీ లేదు. సరే ఫ్రిడ్జ్‌దే తప్పని కుర్రాడు అనేశాడు, నేనూ దాదాపు అలాగే అనుకున్నాను, కానీ ప్లగ్గు లేకుండా సాకెట్‌లో ఎర్త్ పిన్ను చూద్దామని ఆ రంధ్రంలో ప్రోబు పెడితే అక్కడా 84. అంటే కరెంటు ఫ్రిడ్జ్ నుంచి బయటికి రావట్లేదు, ఎర్త్ వైరు లోంచి ఫ్రిడ్జ్‌లోకి వస్తోంది! ఇంట్లో ఎర్త్ పిన్నులన్నీ ఒకే ఆకుపచ్చ వైరుకి కలిపి ఉంటాయి కదా, ఆ వైరు మీద ఏ వస్తువు లీకైనా మిగతా అన్నిటి బాడీకీ అది పాకుతుంది. ఒక్కొక్కటీ పీకుతూ వెళ్ళాం, గ్రైండరు, వాషింగ్ మిషను, టీవీ. పెరట్లో అర హెచ్‌పి మోటారు ప్లగ్గు పీకగానే 84 కాస్తా 3కి పడిపోయింది. మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టి చూస్తే మోటారు వైండింగుకీ బాడీకీ మధ్య 0.2 మెగా ఓమ్స్, ఉండాల్సినదానికంటే చాలా తక్కువ. తడికి వైండింగ్ పాడైపోయింది. పాపం ఫ్రిడ్జ్ ఇన్నేళ్ళుగా మాట పడుతూ వచ్చింది.

మరి ఎర్త్ ఉండగా ఆ కరెంటు భూమిలోకి ఎందుకు పోలేదు అంటే, ఆకుపచ్చ వైరు పట్టుకుని దాని వెనకే వెళ్ళాం. వంటింటి గోడ దాటి బాత్రూమ్ వెనక్కి వెళ్ళి అక్కడ కుళాయి పైపుకి చుట్టి ఉంది. ఎర్త్ గొయ్యి తవ్వకుండా జీఐ పైపుకే కట్టేయడం ఒకప్పుడు మామూలే. కానీ 2016లో బాత్రూమ్ రిపేరు చేయించినప్పుడు ప్లంబరు పాత ఇనప పైపు తీసేసి ప్లాస్టిక్ పైపు వేశాడు, గోడ బయట కనపడే ఒక అడుగు ముక్క మాత్రం వదిలేశాడు. మా ఇంటి ఎర్త్ ఆ అడుగు ముక్కకే కట్టి గాలిలో వేలాడుతోంది. అమ్మని అడిగాను, ఫ్రిడ్జ్ కొట్టడం ఎప్పట్నుంచి అని. "బాత్రూం బాగుచేయించిన కాణ్ణుంచేరా" అంది.

ఇంకోటి కూడా చూశాను. పెరట్లో బట్టలారేసే దండెం ఇనప తీగ, దాని ఒక కొస సర్వీసు వైరుని మోసే జీఐ పైపుకి కట్టి ఉంది. ఆ పైపు దగ్గర సర్వీసు వైరు తొడుగు రాసుకుని రాసుకుని పల్చబడింది. తడిబట్ట దండెం మీద వేస్తూ మనుషులు పోయారని మా వైపు ఎన్నోసార్లు విన్నదే. మిగతావన్నీ తర్వాత, ముందు ఆ తీగ తెంపేసి నైలాన్ తాడు కట్టాను, అదీ రెండు కొసలూ చెట్లకి. మోటారు విప్పి గూడెం వైండింగ్ షాపులో ఇచ్చి వచ్చాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళంతా కాగితం పనే. ఇంటి ప్లాను గీసి పాయింట్లు, అంటే లైటు, ఫ్యాను, ప్లగ్గు పెట్టే చోట్లు లెక్కపెట్టాను, మొత్తం 26. లైట్లు, ఫ్యాన్లకి ఒక సర్క్యూట్‌కి పది పాయింట్లు లేదా 800 వాట్స్, ఏది ముందొస్తే అక్కడ ఆపడం. 16 ఆంప్స్ పవర్ ప్లగ్గులు ఒక సర్క్యూట్‌కి రెండుకి మించకుండా. లైట్లకి ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు, పవర్ ప్లగ్గులకి రెండున్నర, మీటరు నుంచి డీబీకి (సర్క్యూట్లన్నీ విడిపోయే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నాలుగు, ఎప్పుడైనా ఏసీ పెట్టుకుంటే దానికని విడిగా ఇంకో నాలుగు. మా ఎలక్ట్రికల్ మేస్త్రి గారు ఇంకా పాత గేజి లెక్కలో 3/20, 7/20 అనే అంటారు, ఆయన చెప్పింది రాసుకుని షాపులో స్క్వేర్ ఎంఎంలోకి మార్చుకుని అడగాలి.

మేస్త్రి గారి గురించి రాయాలి. ఆయనకి వైర్‌మ్యాన్ పర్మిట్ ఉంది, నాకు ఇంకా లేదు, కోర్సు పాసై తర్వాత తీసుకోవాలి. సొంత ఇల్లే కదా అని పర్మిట్ లేకుండా చేసేయడం నాకు ఇష్టంలేదు, అందుకని ఆయన్ని అడిగాను, ప్రతి స్టేజిలో వచ్చి చూస్తానన్నారు. ఒక్కటే కండిషన్ పెట్టారు, "నేను చూడకుండా గోడలో ఏ గాడీ పూడ్చకూడదు" అని. నాకది చాలా నచ్చింది.

సామాను మొత్తం 41 వేలైంది. మెటల్ డీబీ, ఎంసిబిలు (కరెంటు మోతాదు మించితే వాటంతటవే పడిపోయే స్విచ్చులు), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సిసిబిలు (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చులు) రెండు. రెండెందుకంటే వంటిల్లు, మోటారు ఒకదాని మీద, మిగతా ఇల్లు ఇంకోదాని మీద పెడితే పెరట్లో ఏదైనా లీకై ట్రిప్ అయినా హాల్లో లైటు ఆరకుండా ఉంటుంది, రాత్రిపూట అమ్మ చీకట్లో తడుముకోనక్కర్లేదు.

ఫిబ్రవరి 8, 9, రెండో శనివారం, ఆదివారం

లైన్‌మ్యాన్ గారు ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపే పర్మిషన్) తీసుకుని స్తంభం దగ్గర మా సర్వీసు విప్పారు. మీటరు తర్వాత అంతా డెడ్. అయినా చెక్ చేశాకే చెయ్యి పెట్టాను, ఇది రాసుకోవాల్సిన విషయం.

ఫౌజులో ఆయుధం చేతికి తీసుకున్నా, ఇచ్చినా ముందు మ్యాగజైన్ తీసి, కాక్ చేసి, ఛాంబర్ చూపించాలి. "జాంచ్ శస్త్ర్" అని కమాండ్ వినపడగానే మన చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఎదుటివాడు ఖాళీయే అని ఒట్టేసినా సరే, నువ్వు కళ్ళతో చూసేదాకా అది లోడైన ఆయుధమే. కరెంటుకీ ఇదే డ్రిల్. మూడు మెట్లు: ముందు టెస్టర్‌ని తెలిసిన లైవ్ మీద పెట్టి అది పనిచేస్తోందో లేదో చూడాలి, తర్వాత మనం పనిచేసే వైరు మీద, ఆ తర్వాత మళ్ళీ లైవ్ మీద. మూడోది చాలామంది వదిలేస్తారు. మధ్యలో టెస్టరు పాడైతే రెండో మెట్టులో అది వెలగకపోవడానికి అర్థమే లేదు. పిప్పర కుర్రాడి చేత ప్రతి గదిలో ఇది చేయించాను, ఇంట్లో ఎలాగూ సప్లై లేదు కాబట్టి లైవ్ కోసం పక్కింటి నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకుని మరీ. నాలుగో గదికి వచ్చేసరికి నేను చెప్పకుండానే వాడే చేస్తున్నాడు.

పాత బద్దలన్నీ పీకేశాం. గోడ కట్టర్‌తో రెండు గీతలు కోసి మధ్యలో ఉలితో గాడి కొట్టడం. 1988 నాటి గోడ, సున్నం ప్లాస్టరింగు, మెత్తగానే వచ్చింది కానీ దుమ్ము ఇల్లంతా కమ్మేసింది, అమ్మని రెండు రోజులు పిన్ని గారింటికి పంపించాను. గాడి ఎప్పుడూ నిలువు, అడ్డం తప్ప ఐమూల కొట్టకూడదు అని మేస్త్రి గారు, ఎందుకంటే రేపెప్పుడో ఫొటో తగిలించడానికి మేకు కొట్టేవాడు స్విచ్ బోర్డు చూసి పైకో పక్కకో పైపు ఉంటుందని ఊహించగలగాలి. పైపులు వేసి, డీప్ బాక్సులు కూర్చోబెట్టి, ఆయన వచ్చి చూశాకే సిమెంటు పూశాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

వైరు లాగడం. స్ప్రింగ్ వైరు తోసి ఎరుపు (ఫేజు, కరెంటు వెళ్ళేది), నలుపు (న్యూట్రల్, తిరిగొచ్చేది), ఆకుపచ్చ (ఎర్త్) మూడూ కలిపి లాగడం. ఒకే ఒక్క చోట బెండు దగ్గర పట్టేసింది, వైరుకి కొంచెం టాల్కం పౌడరు రాస్తే వచ్చింది. సాయంత్రం ఆరైపోయింది, చీకటి పడుతోందని చివరి రెండు గదులూ తొందరగా ముగించాం.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎర్త్ గొయ్యి. ఈ ఇంట్లో నేను చేసిన పనుల్లో దీని మీదే ఎక్కువ మనసు పెట్టాను.

వంటింటి వెనక జామచెట్టు పక్కన, నీళ్ళు పారే చోట చూసుకున్నాం. నల్లమట్టి, మూడడుగులు పోగానే చెమ్మ. జీఐ పైపు రెండున్నర మీటర్లు, చుట్టూ రంధ్రాలు, నిలువుగా దింపి చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస, మళ్ళీ బొగ్గు. పైన గరాటు, నీళ్ళు పొయ్యడానికి. ఇటుకలతో చిన్న గూడు కట్టి మూత. ట్రెంచ్ తవ్విన చేతులు కాబట్టి గొయ్యి నాకు కష్టమనిపించలేదు, తవ్వుతుంటే కార్గిల్ వైపు ఉన్నప్పుడు రాయిలాంటి నేలలో గునపం ఎగిరిపడ్డ రోజులు గుర్తొచ్చాయి. అక్కడ జనరేటర్ సెట్‌కి ఎర్త్ దింపడం ఒక యుద్ధం, గడ్డకట్టిన నేల కరెంటుని తీసుకోదు. మా ఊరి మట్టి చేతిలో ముద్దవుతుంటే దీని విలువ ఇక్కడివాళ్ళకి తెలీదు అనిపించింది.

మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఎర్త్ టెస్టర్ ఇచ్చారు. రెండు స్పైకులు దూరంగా వరసలో దిగ్గొట్టి హ్యాండిల్ తిప్పితే 2.4 ఓమ్స్, ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. పిప్పర కుర్రాడు ఎగిరి గంతేశాడు, ఇంత మంచి ఎర్త్ ఉంటే ఆర్‌సిసిబి దండగ కదా బాబాయ్ అన్నాడు. అప్పుడు ఇటుక మీద బొగ్గుతో లెక్క వేసి చూపించాను. 230ని 2.4తో భాగిస్తే దాదాపు 96 ఆంప్స్, అదీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ రెసిస్టెన్సు కలపకుండా, అది కలిస్తే ఇంకా తగ్గుతుంది. 16 ఆంప్స్ సి-కర్వ్ (సి రకం) ఎంసిబి టక్కున పడాలంటే 80 నుంచి 160 ఆంప్స్ మధ్యలో ఏదో ఒక చోట. అంటే ఫేజు బాడీకి తగిలినా ఎంసిబి వెంటనే పడుతుందన్న నమ్మకం లేదు, అది ఆలోచించేలోపు మనిషి పోవచ్చు. ఆర్‌సిసిబికి 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే చాలు. గొయ్యి ఉంటే కరెంటుకి దారి ఉంటుంది, ఆర్‌సిసిబి ఉంటే ఆ దారి పట్టగానే కట్ అవుతుంది, రెండూ కావాల్సిందే. వాడు ఆ ఇటుకని ఫొటో తీసుకున్నాడు.

మార్చి 2, ఆదివారం

సప్లై ఇచ్చేముందు మెగ్గర్. బల్బులన్నీ తీసేసి, స్విచ్చులన్నీ ఆన్‌లో పెట్టి, మెయిన్ ఆఫ్ చేసి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, 500 వోల్ట్స్ మెగ్గర్ నిమిషానికి 160 చుట్లు తిప్పుతూ. యాభైని పాయింట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేంత మెగా ఓమ్స్ అయినా ఉండాలి అని క్లాసులో నేర్పించిన లెక్క, మాకు 26 పాయింట్లకి 1.9 చాలు, 100 దాటి వచ్చింది. లైన్‌మ్యాన్ గారు వచ్చి సర్వీసు కలిపారు.

డీబీ ఆన్ చేశాను. లైట్లు వెలిగాయి, అమ్మ దండం పెట్టుకుంది. హాల్లో ఫ్యాను స్విచ్ వేశాను, టప్‌మని ఆర్‌సిసిబి పడిపోయింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. ఫ్యాను లీకా అని ఫ్యాను మార్చి చూశాం, అదే. మెగ్గర్‌లో అంత బాగా వచ్చిన వైరింగు, ఏమిటిది? రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నా తెగలేదు. మిగతా అంతా నడుస్తోంది కాబట్టి హాలు ఫ్యాను ఎంసిబి దించేసి ఆపేశాను. అలిసిపోయి ఉన్నప్పుడు కరెంటు పని చేయకూడదు.

మార్చి 9, ఆదివారం

దొరికింది, తప్పు నాదే.

ఆర్‌సిసిబి చేసే పని ఒక్కటే, ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని లెక్క చూడటం. తిరిగి వచ్చింది తక్కువైతే ఎక్కడో మనిషిలోంచో గోడలోంచో పోయిందని పడిపోతుంది. మరి ఎక్కడికీ లీక్ కాకుండా లెక్క తప్పాలంటే? తిరిగొచ్చేది వేరే దారిలో రావాలి. వారమంతా క్లాసులో కూర్చుని ఇదే ఆలోచించాను. ఇవాళ మెయిన్ ఆఫ్ చేసి రెండు ఆర్‌సిసిబిల న్యూట్రల్ వైర్లూ లింకుల్లోంచి విప్పేసి, హాలు ఫ్యాను దగ్గరి నలుపు వైరుకీ వంటింటి న్యూట్రల్ గుంపుకీ మధ్య కంటిన్యూటీ, అంటే రెండూ కలిసి ఉన్నాయా అని చూశాను. బీప్ మంది. అవి ఎక్కడా కలవకూడదు. ఒక్కొక్క నలుపు వైరూ విడదీసి చూసుకుంటూ పోతే హాలుకీ వంటింటికీ మధ్య గోడలో ఉన్న జంక్షన్ బాక్సు. ఫిబ్రవరి 16 సాయంత్రం తొందరలో ముగించానని రాశానే, అదే గది. హాలు ఫ్యాను న్యూట్రల్‌ని వంటింటి న్యూట్రల్‌కి కలిపేశాను, రెండూ నలుపే కదా. ఫ్యాను ఫేజు ఒక ఆర్‌సిసిబిలోంచి వెళ్ళి ఇంకో ఆర్‌సిసిబిలోంచి తిరిగొస్తోంది. లైట్లకి మాత్రం నేరుగా వాటి న్యూట్రలే వెళ్ళింది కాబట్టి అవి బాగానే వెలిగాయి.

విడదీసి సరైన చోట కలిపాను. ఫ్యాను తిరిగింది. ఆ తర్వాత కూర్చుని ప్రతి వైరుకీ రెండు కొసల్లోనూ నంబరు స్లీవులు తొడిగాను, 26 పాయింట్లకీ, మధ్యాహ్నం మూడింటిదాకా పట్టింది. లాగే రోజే చేసి ఉంటే అరగంట పని. మేస్త్రి గారు వచ్చి జంక్షన్ బాక్సు చూసి ఒక్క మాటే అన్నారు, "చీకటి పడ్డాక న్యూట్రల్ ముట్టుకోకండి." ప్రతి సాకెట్‌లో ఎదురుగా చూస్తే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన ఎర్త్ ఉందో లేదో ఆయనే స్వయంగా చూసుకుని వెళ్ళారు. కొత్త వైండింగ్‌తో మోటారు బిగించాం, ఫ్రిడ్జ్ బాడీ మీద సున్నా. ఆర్‌సిసిబి టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలని అమ్మకి చూపించాను, ఒకటో తారీఖు పెన్షన్ పడ్డ రోజు నొక్కుతానంది.

మే 18, ఆదివారం

కాలవలకి నీళ్ళు కట్టేశారు. ఊళ్ళో నేల బీటలిచ్చింది. ఎర్త్ అసలు పరీక్ష ఇప్పుడే, ఫిబ్రవరిలో చెమ్మ ఉన్నప్పుడు వచ్చిన అంకె చూసుకుని మురిసిపోతే లాభం లేదు. మళ్ళీ టెస్టర్ తెచ్చి కొలిచాను. 3.6 ఓమ్స్. గరాటులో నాలుగు బకెట్ల నీళ్ళు పోసి రెండు గంటలాగి కొలిస్తే 2.9. ఎండాకాలం వారానికి రెండు బకెట్లు పోయాలి, జామచెట్టుకి పోసేటప్పుడే దీనికీ పొయ్యమని అమ్మకి చెప్పాను.

పుస్తకంలో రాసుకుంటుంటే అమ్మ ఫ్రిడ్జ్‌లోంచి చల్ల తీసి గ్లాసులో పోసి తెచ్చింది. చెప్పులు వీధి గడప దగ్గరున్నాయి. నేనేమీ అనలేదు, అమ్మా ఏమీ అనలేదు.

పిన్ని గారు వాళ్ళింటికి కూడా ఒకసారి వచ్చి చూడమన్నారు. అక్కడా 2015 తర్వాత బాత్రూమ్ బాగుచేయించారు. మేస్త్రి గారితో మాట్లాడాను, వచ్చే ఆదివారం సర్వే, ముందుగా కుళాయి పైపు దగ్గరికే వెళ్ళాలి.